మచ్చిక వేరు, పెంపకము వేరు

వంగదేశమున హుగ్లీ నది యొడ్డున చిన్సురా యను పట్టణము కలదు. మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పి, కోస్తా తీరపు అద్దకపు బట్టలను దేశదేశములకు ఎగుమతి చేసిన డచ్చివారే చిన్సురా యందును స్థావర మేర్పరచుకొని పట్టును, సురేకారమును కొనుచుండిరి. 1738వ సంవత్సర ప్రాంతమున యాన్ ఆల్బర్ట్ సిక్టర్మాన్ అను నతడు వంగదేశపు డచ్చి వర్తకమున కంతటికిని అధికారిగా నుండెను. అప్పుడు అస్సాము అడవులలో వేటగాండ్రు ఒక ఆడ ఖడ్గమృగమును చంపిరి. దానిని విడువక నిలిచియున్న నెలనాటి పిల్ల ప్రాణములతో చిక్కెను. ఆ పిల్ల తుదకు సిక్టర్మాన్ ఇల్లు చేరెను.

ఆ ఇంట దానికి అడ్డు లేదు. కుక్కపిల్ల వలె గదులన్నియు తిరిగెడిది. విందులు జరుగునప్పుడు దొరలును దొరసానులును బల్ల చుట్టును కూర్చుండి భుజించుచుండగా వారి నడుమ పరుగులు తీసెడిది. ఒంటికొమ్ముతో ఏనుగునైనను చీల్చివేయు క్రూరమృగమని పుస్తకములలో చదివిన జంతువు ఆవుదూడ కన్న సాధువుగా తమ చేతులను నాకుచుండ వారికి ఎంత వింతగా నుండెనో ఊహించుకొనవచ్చును. తల్లిని పోగొట్టుకొన్న ఆ పిల్లకు మనుష్యులే తల్లియు మందయు నైరి.

కాని దూడ ఎల్లకాలము దూడగా నుండదు. ఎదిగిన ఆడ ఖడ్గమృగము 1,600 కిలోగ్రాముల వరకు తూగును. రెండేండ్లు నిండులోపలనే భోజనశాల దానికి చాలకపోయెను. అదిమి పట్టుకొని ముద్దాడుట మాట అటుండగా, అది ప్రేమతో ఒరసికొన్నను బల్లలు తలక్రిందులగు స్థితి వచ్చెను. 1740లో సిక్టర్మాన్ దానిని డౌవె మౌట్ అను ఓడ కప్తానునకు అప్పగించెను.

ఖడ్గమృగము బురదలోను నీటిలోను పొరలి ఒడలు చల్లబరచుకొను జంతువు. ఓడమీద బురద యెక్కడిది? చర్మము ఎండి పగులకుండుటకై నావికులు దాని ఒంటికి చేపనూనె పూయుచు వచ్చిరి. ఈ ఉపాయమువలన అది బ్రదికి 1741 జూలై 22వ తేదీన హాలెండు దేశపు రోటర్‌డామ్ రేవున దిగెను. అటు తరువాత డౌవె మౌట్ ఓడల కొలువు మాని, దానిని ఊరూర ప్రదర్శించుటయే వృత్తిగా పెట్టుకొనెను. గట్టి చెక్కలతో పెద్ద బండి చేయించి, దానిలో ఆ జంతువు నుంచి, గుఱ్ఱములచేత లాగించుచు పదునేడేండ్లు యూరపు ఖండమంతయు త్రిప్పెను. ప్రజలు దానికి క్లారా అని ముద్దుపేరు పెట్టిరి.

అంతకు ముందు యూరపువారిలో పెక్కుమంది ఎరిగిన ఖడ్గమృగము ఒక బొమ్మ మాత్రమే. 1515లో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అను జర్మను చిత్రకారుడు ఒకరు వ్రాసి పంపిన వర్ణనను, ఒక రేఖాచిత్రమును ఆధారముగా గొని చెక్కపై చెక్కి అచ్చొత్తిన బొమ్మ అది. ఆ జంతువును అతడు కన్నులార చూచి యెరుగడు. కావున ఉక్కు కవచము తొడిగినట్లును, భుజముపై మరియొక చిన్నకొమ్ము మొలిచినట్లును దానిని చిత్రించెను. రెండు వందల యేండ్లకు పైగా పండితులు సైతము ఆ భుజపు కొమ్మును నమ్మిరి. క్లారా రాకతో ఆ భ్రమ తొలగెను. 1746లో బెర్లిను నగరమున ప్రష్యా ప్రభువు ఫ్రెడరిక్ దానిని చూడవచ్చెను. వియన్నాలో మేరియా థెరిసా రాణి చూచెను. 1749లో వెర్సేల్సు కోటలో 15వ లూయీ చూచెను. ఊద్రీ యను చిత్రకారుడు పారిసులో దాని నిలువెత్తు చిత్రమును రచించెను. మైసెన్ పింగాణి శిల్పులు దాని బొమ్మలు చేసిరి.

ఈ వైభవమునకు మరియొక వైపు కలదు. ఎండుగడ్డియు, రొట్టెయు దాని దినాహారము. దానికి బీరు త్రాగుటయు, పొగాకు పొగ పీల్చుటయు అలవాటు చేసిరి. 1750లో రోము నగరమున నున్నప్పుడు దాని కొమ్ము ఊడిపోయెను. బోనులోని ఖడ్గమృగములు చెక్కలకును గోడలకును కొమ్మును మాటిమాటికి రాచుకొనుట కలదు. పనిలేని శరీరమునకు అదియొక పని. మరుసటి యేట వెనిసు నగరపు ఉత్సవములో పియెత్రో లోంగి చిత్రించిన పటమున క్లారా తలవంచి ఎండుగడ్డి యెదుట నిలిచియున్నది. దాని వెనుక ముసుగులు ధరించిన స్త్రీపురుషులు వరుసగా నున్నారు. ఒకని చేతిలో ఆ ఊడిన కొమ్ము పైకెత్తబడి యున్నది. 1758 ఏప్రిల్ 14వ తేదీన లండను నగరమున లాంబెత్ అను చోట క్లారా మరణించెను. అప్పటికి దాని వయస్సు ఇరువది యేండ్లు. ఖడ్గమృగములు నలుబది యేండ్ల వరకు జీవించగలవు.

తల్లిని చంపిన వేటగాండ్రను విడిచినచో ఈ కథలో దుర్మార్గుడు కనబడడు. సిక్టర్మాన్ దానిని ముద్దుచేసెను. డౌవె మౌట్ దానిని బ్రదికించుటకు తన తెలివినంతయు ఉపయోగించెను. ఆ కాలమున ఓడలలో తెచ్చిన వింత జంతువులు పెక్కులు నెలలలోనే చనిపోవుచుండ, క్లారా పదునేడేండ్లు బ్రదుకుట అతని శ్రద్ధకు నిదర్శనము. చూడవచ్చిన రాజులును, పామరులును దాని సాధుత్వమునే కొనియాడిరి. మరి లోప మెచ్చట నున్నది?

తెలుగున మచ్చిక యనియు, పెంపకమనియు రెండు మాటలున్నవి. వాడుకలో ఒకదానికి మారుగా మరియొకదానిని పలుకుచుందురు. కాని ఈ రెంటికిని భేదము చాల ఉన్నది. అడవిలో పుట్టిన ఒక పిల్లను తెచ్చి పాలు పోసి, చేతితో మేపి, భయము పోగొట్టినచో అది మచ్చికయగును. ఆ మచ్చిక ఆ ఒక్క ప్రాణిది. అది తన పిల్లలకు దానిని ఇయ్యలేదు. దాని పిల్లలు మరల అడవి పిల్లలే. పెంపుడు జంతువు అట్టిది కాదు. కుక్క, ఆవు, మేక, గొఱ్ఱె, గుఱ్ఱము వీని మాలిమి పుట్టుకతో వచ్చినది. తోడేళ్ళనుండి కుక్క ఏర్పడుట కనీసము పదునైదు వేల యేండ్ల నాటి మాట. మేకలును గొఱ్ఱెలును మనుష్యుని దొడ్లలోనికి వచ్చి సుమారు పదివేల యేండ్లైనది. ఇన్ని వేల యేండ్లలో ప్రతి తరమునందును బెదురుబోతులును, కరచునవియు ఏరివేయబడినవి, ఒదిగినవి మిగిలినవి. అందుచేతనే వీధికుక్క పిల్ల కన్నులు తెరచిన కొలది దినములకే మనిషి వెంట తోక యాడించుచు వచ్చును. దానికెవరును అది నేర్పలేదు.

వేల యేండ్ల ఈ మార్పును ఒక మనుష్యుని జీవితకాలములో కన్నులయెదుట చూడవచ్చునా? రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు ద్మీత్రి బెల్యాయెవ్ ఈ సాహసమునకు పూనుకొనెను. సైబీరియాలోని నోవొసిబిర్స్కు నగరసమీపమున 1959లో ఆరంభమైన ఈ పరీక్షకు అతడు వెండినక్కలను ఎన్నుకొనెను. బొచ్చుతోళ్ళ కొరకు వాటిని బోనులలో పెంచుట రష్యాలో అదివరకే ఉన్నది. అయినను తరములు గడచినను అవి బోనులోని అడవి జంతువులే. ఆహారము పెట్టువాని చేతినైనను కరచెడివి.

30 మగనక్కలు, 100 ఆడనక్కలతో పని మొదలయ్యెను. నియమము ఒక్కటే. పిల్ల కొంత ఎదిగిన పిమ్మట బోనులోనికి చేయి చాచి ఆహారము చూపి, ఒడలు నిమురబోవుదురు. కొన్ని పండ్లు బయలుపెట్టి మీదికి దూకును. కొన్ని మూలకు పోయి వణకును. ఎక్కడనో ఒకటి కదలక నిలుచును. ఆ నిలిచినవానికి మాత్రమే మరుతరమున సంతానము కలుగనిత్తురు. వాటికి శిక్షణ లేదు, ముద్దుచేయుట లేదు. మనుష్యులతో పొత్తు కావలెనని తగ్గించిరి. ఏలయన, వచ్చు మార్పు మచ్చికవలన వచ్చినదా, రక్తముననే వచ్చినదా యని నిశ్చయముగా తెలియవలెను గదా!

ఆరవ తరమున వింత జరిగెను. కొన్ని పిల్లలు మనిషిని చూడగానే తోక యాడించుచు, కుయ్‌కుయ్ మనుచు, చేతులు నాకసాగెను. పదవ తరమున నూటికి పదునెనిమిది పిల్లలు అట్టివి. క్రమముగా కొన్నింటి చెవులు వ్రాలెను; కొన్నింటి తోకలు చుట్టలు తిరిగెను; కొన్నింటి నొసటిపై తెల్లని మచ్చ కనబడెను. కుక్కలలోను, ఆవులలోను చూచు గుర్తులే ఇవి. ఎవరును చెవులను గాని, మచ్చలను గాని కోరి ఎన్నుకొనలేదు. సాధుత్వమును మాత్రమే ఎన్నుకొనిరి. 1985లో బెల్యాయెవ్ మరణించిన తరువాత లుద్మీలా త్రుత్ అను శాస్త్రజ్ఞురాలు ఈ పనిని నడపెను. మొదటినుండి అతనికి తోడైనది ఆమెయే. ఆరంభించిన నలుబది యేండ్లకు లెక్క చూడగా, పరీక్షింపబడిన నక్కలు 45,000. గడచిన తరములు ముప్పదికి మించినవి.

1974లో త్రుత్ ఆ నక్కలలో పుషింకా యను దానిని తనతోకూడ ఒక చిన్న ఇంట నుంచుకొనెను. పుషింకా ఆ ఇంటనే ఈనెను. సాధారణముగా ఈనిన ఆడనక్క తన కూనల దరికి ఎవరిని రానీయదు. పుషింకా తన కూనను నోట కరచుకొని వచ్చి త్రుత్ పాదముల యొద్ద పెట్టెను! ఇంతటి ప్రేమ గల ఆ నక్కలును ఇంట కుక్కలవలె ఇముడవు. వాటి మూత్రపు ఘాటును, నేల త్రవ్వు అలవాటును పోలేదు. ముప్పది తరముల ఏరివేతకు దక్కిన ఫలము ఇది. ఒక పిల్లను ఒడిలో పెట్టుకొని రెండు నెలలు పాలు త్రాగించినంత మాత్రమున అది పెంపుడు జంతువైనదని తలచుట ఎంతటి పొరపాటో దీనివలన తెలియును.

అట్లని ఎన్నాళ్ళు మచ్చిక చేసినను ప్రతి మృగమును పెంపుడుజాతి కాగలదా? కాదనుటకు సాక్ష్యము భరతఖండమునందే ఉన్నది. చీతా యను వేగవంతమైన మృగము చిరుతపులి కన్న భిన్నమైనది. సన్నని నడుము, పొడవైన కాళ్ళు, కన్నులనుండి నోటివరకు కారిన నల్లని చారలు దాని గుర్తులు. రాజులును, నవాబులును దానిని వేటకై శతాబ్దముల తరబడి ఉంచుకొనిరి. కన్నులకు గంతలు కట్టి బండిమీద తీసికొనిపోయి, జింకలమంద కనబడగానే గంతలు విప్పి విడిచెడివారు. చీతా ఎంతగా మచ్చికయగు ననగా, దానిని కాచు సేవకుడును అదియు ఒకే మంచముపై ఒకే దుప్పటి క్రింద నిద్రించుట కలదని లాక్‌వుడ్ కిప్లింగ్ 1891లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను.

అక్బరు చక్రవర్తి వేయి చీతాలను కూర్చెనని అతని కుమారుడు జహంగీరు వ్రాసెను. అవి జతగూడి పిల్లలను పెట్టవలెనని అక్బరు మిక్కిలి కోరెను. మెడపట్టెలు విప్పించి, తోటలలో జంటలుగా విడిపించి చూచెను. ఫలింపలేదు. జహంగీరు కాలమున ఒక మగచీతా తనంతట పట్టె తప్పించుకొనిపోయి ఆడచీతాను కలియగా, రెండున్నర నెలలకు మూడు పిల్లలు పుట్టినవి. చక్రవర్తి దానిని తన చరిత్రలో వ్రాసికొనదగిన వింతగా భావించెను. వింతయే. మరల బంధములో చీతా ఈనినట్లు వ్రాతలో కనబడునది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలయందు. మూడువందల నలుబది యేండ్లకు పైగా వ్యవధి!

దీని యర్థ మేమి? రాజుల శాలలలో మంచములపై పండిన ఆ వేయి చీతాలలో ప్రతి యొక్కటియు అడవిలో పుట్టి పట్టుబడినదే. శాల నిండుకొలది అడవి తరుగుచు వచ్చెను. వేట, పచ్చికబయళ్ళు సేద్యమునకు పోవుట మొదలైనవియు దానికి తోడయ్యెను. 1947లో కొరియా సంస్థానమున మూడు చీతాలు కాల్చి చంపబడెను. 1952లో భారతదేశమున చీతా అంతరించెనని ప్రభుత్వము ప్రకటించెను. డెబ్బది యేండ్ల పిమ్మట 2022 సెప్టెంబరు 17న ఆఫ్రికాలోని నమీబియానుండి ఎనిమిది చీతాలను తెచ్చి మధ్యప్రదేశపు కూనో వనమున ఉంచవలసి వచ్చెను. ఏనుగు కథయు కొంతవరకు ఇట్టిదే. వేల యేండ్లుగా మావటీని మాట వినుచున్నను, తరతరమునను అడవినుండి పట్టి తెచ్చుటచేతనే రాజుల గజశాలలు నిండినవి. మచ్చికయైన యేనుగు మదించిన దినమున పాత స్నేహము ఎంతవరకు నిలుచునో మావటీడే చెప్పవలెను.

రాజుల శాలలు పోయినవి. కాని వింత ప్రాణిని ఇంట నుంచుకొను కోరిక సామాన్యుల ఇండ్లలోనికి వచ్చినది. పట్టణపు అంగళ్ళలో రంగురంగుల పక్షులు, తాబేళ్ళు, తొండలవంటి ఇగువానాలు, చిన్న పాములు సైతము అమ్మకమునకు వచ్చుచున్నవి. వీనిలో అన్నియు ఒక్క తీరువి కావు. బంగారు చేప చైనాలో సుమారు వేయి యేండ్లుగా తొట్లలో పుట్టి పెరిగిన జాతి. 'లవ్ బర్డ్సు' అని అంగడివారు పిలుచు చిన్న చిలుకలు పెక్కు నిజమునకు ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగారులు. అవి 1840లో ఇంగ్లండు చేరినది మొదలు పంజరములలోనే తరములు గడపినవి. ఇంటి రామచిలుక సంగతి అట్లు కాదు. అది తొఱ్ఱలోనుండి దొంగిలింపబడిన అడవి పిల్ల. దానిని పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. జోస్యము చెప్పువాని పెట్టెలోని చిలుకకును ఈ చట్టమే వర్తించును. చిలుక మాత్రము ఆ సంగతి జోస్యమున చెప్పదు.

విదేశీ ప్రాణుల విషయమున పొరపాటు వేరొక రూపమున వచ్చును. కన్నుల వెనుక ఎఱ్ఱని చార గల తాబేలొకటి అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతమునది. అంగడిలో అది రూపాయి బిళ్ళకన్న కొంచెము పెద్దగా, ఆకుపచ్చగా, అందముగా నుండును. గాజుతొట్టిలో వేయవచ్చునని బాలురు కొనిపించుకొందురు. కొన్ని యేండ్లకు అది పళ్ళెమంత యగును. నీరు దుర్వాసన కొట్టును. చేయి చాచినచో కరచును. అప్పుడు ఇంటివారు దానిని చంపజాలక, కోనేటిలోనో చెరువులోనో విడిచి పుణ్యము చేసితిమని తలచెదరు. ఆ తాబేలు అచ్చట స్థానికపు తాబేళ్ళ తిండిని, ఎండకాగు రాళ్ళను ఆక్రమించును. లోకమున మిక్కిలి హానిచేయు నూరు ఆక్రమణజాతుల పట్టికలో దాని పేరు చేరినది. కేరళలోను, అస్సాములోను జలాశయములయందు అది కనబడినది. 2024లో వెలువడిన నియమముల ప్రకారము, అంతర్జాతీయపు ఒడంబడిక పట్టికలలో చేరిన విదేశీ ప్రాణులను ఉంచుకొనువారు వాటిని ప్రభుత్వమున నమోదు చేయింపవలెను. పుట్టుకను, మరణమును, చేతులు మారుటను తెలుపవలెను.

తెలుగువారి ఇంటి వాకిటికి ఈ సమస్యను తెచ్చిన ప్రాణి మరియొకటి కలదు. అది నక్షత్ర తాబేలు. నల్లని చిప్పపై పసుపుపచ్చని కిరణములు నక్షత్రములవలె విరియుటచేత దానికాపేరు వచ్చెను. రాయలసీమ చిట్టడవులు దానికి పుట్టినిల్లు. కర్ణాటక, తమిళనాడుల యందును, వాయవ్యమున గుజరాతు, రాజస్థానములందును, సింహళమునను అది కలదు. వేసవిలో పొదల నీడ నణగియుండి, వానలు పడగానే బయలుదేరి గడ్డిని, రాలిన పండ్లను, నాగజెముడు కాయలను తినుచు తిరుగును. అరువదు, కరువదు, పరుగెత్తదు. ఇంతకన్న సులభముగా పెంపదగిన జంతువు లేదని తోచును. తాబేలు ఇంట నుండిన ధనము నిలుచునని నమ్మువారు కొందరు. బొమ్మవలె ముచ్చటగా నున్నదని కొనువారు మరికొందరు.

ఆ సులభతయే దానికి శత్రువైనది. కుక్కకు ఆకలియైన మొరుగును. ఆవునకు దాహమైన అంబా యని పిలుచును. తాబేలు మూలుగదు. పాలన్నము పెట్టినను కొంత తినును. అది దానికి తగిన ఆహారము కాదు, పీచుగల గడ్డియే తగినది. నీడపట్టున గదిలో నుంచినచో ఎండ లేక, సున్నపు ధాతువు చాలక, చిప్ప మెత్తబడి వంకరలు పోవును. చిప్ప అనగా తొడుగు కాదు. వెన్నెముకయు, ప్రక్కటెముకలును ఏకమై ఏర్పడిన సజీవమైన ఎముక అది. తాకిన స్పర్శ దానికి తెలియును. ముట్టగానే తల లోపలికి ముడుచుకొన్నచో ఇంటివారు సిగ్గుపడుచున్నదని నవ్వుదురు. అది సిగ్గు కాదు, భయము. ముప్పది యేండ్లు జీవింపదగిన ప్రాణి రెండుమూడేండ్లలో, ఎవరికిని తెలియకుండ, కొంచెము కొంచెముగా చనిపోవును. క్లారా చేతులైనను నాకెను. ఈ ప్రాణి చూపునట్లు కనబడు మచ్చిక అంతయు కదలక యుండుటయే.

నక్షత్ర తాబేలును పట్టుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట 1972 చట్టము ననుసరించి నేరము. అయినను ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులలోని ఒక్క వర్తకకేంద్రము ద్వారా యేటేట కనీసము 55,000 నక్షత్ర తాబేళ్ళు అడవినుండి తరలిపోవుచున్నవని 2015లో ప్రకటితమైన ఒక పరిశోధన తేల్చెను. కూలిపనులకు పోవు బీదవారు కొద్దిపాటి సొమ్మునకు వాటిని ఏరి ఇత్తురు. బట్టలలో చుట్టి, పెట్టెలలో కుక్కి, విమానములపై తూర్పు దేశములకు దొంగచాటుగా పంపుదురు. ఊపిరాడక దారిలో చచ్చునవి కొన్ని. ఆడతాబేలు గ్రుడ్లు పెట్టు యీడునకు వచ్చుటకు ఎనిమిది యేండ్లకు పైగా పట్టును. కావున పోయినవాని చోటు త్వరగా నిండదు. 2019లో జెనీవా నగరమున కూడిన సైటీస్ ఒడంబడిక దేశములు ఈ తాబేటిని అత్యున్నత రక్షణ గల పట్టికలో చేర్చి, అడవినుండి పట్టిన దాని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించెను.

పట్టుబడినవానిని అడవిలో విడిచినచో సరిపోదా యని తోచవచ్చును. అది తలచినంత సులువు కాదు. ఒక పెట్టెలో రాయలసీమ తాబేలును, గుజరాతు తాబేలును కలిసియుండవచ్చును. ఉత్తరపు వానికిని దక్షిణపు వానికిని రక్తమున భేదము కలదు. ఒకదాని చోట మరియొకదానిని విడిచిన సంకరమేర్పడును. ఇండ్లలో సోకిన రోగములు అడవి తాబేళ్ళకు అంటుకొనును. గిన్నెలో తిండికి అలవాటుపడినది మేత వెదకికొనుట మరల నేర్వవలెను.

2018 నవంబరులో సింగపూరునుండి 51 నక్షత్ర తాబేళ్ళు విమానముపై బెంగుళూరునకు తిరిగివచ్చెను. ఎవరెవరో దొంగచాటుగా కొనిపోయి ఇండ్లలో నుంచుకొనగా అచ్చటి అధికారులు పట్టుకొన్నవి అవి. కర్ణాటక అటవీశాఖవారు వాటిని నేరుగా పొదలలో విడువలేదు. మొదట రోగపరీక్షకై వేరుగా నుంచి, పిదప కంచె వేసిన అడవిచోట క్రమముగా గడ్డికిని, ఎండకును, వానకును అలవాటు చేయ సంకల్పించిరి. ఎత్తుకొనిపోవుటకు ఒక సంచియు, ఒక నిమిషమును చాలినవి. తిరిగి తెచ్చుటకు రెండు దేశముల ప్రభుత్వములు, పశువైద్యులు, పత్రములు, నెలల తరబడి కాపలా కావలసివచ్చెను. తొలకరి చినుకులు పడిన పిమ్మట రాయలసీమ కొండల క్రింది బాటలపై ఈ తాబేళ్ళు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు దాటుచు నేటికిని కనబడుచున్నవి. బండి తోలుకొనిపోవు రైతు దిగి, అది పోవుచున్న దిక్కుననే దానిని బాట దాటించి, మరల బండి యెక్కును.